ఒమేగా సర్వీసుకు 68 వేలు అడగడం న్యాయమేనా?

మామగారు పెళ్లికి పెట్టిన ఆటోమేటిక్ ఒమేగా వాచీ ఈమధ్య రోజుకు ఏడెనిమిది నిమిషాలు ముందుకు పోతోందనీ, హైదరాబాదులో 68 వేలు అడిగారనీ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర మెకానిక్ ఐదు వేలు చాలన్నారనీ రాశారు. ఈ రెండు అంకెలను పోల్చి లాభం లేదు. ఆ ఇద్దరూ ఒకే పనికి ధర చెప్పడం లేదు.

అసలు ముందు అయస్కాంతం పట్టిందేమో చూపించండి. స్పీకరు పక్కనో, అయస్కాంతమున్న ఫోను కవరు మీదో వాచీ పెడితే లోపలి సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడది పొట్టి స్ప్రింగులా కొట్టుకుని వాచీని పరుగెత్తిస్తుంది. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్ అనే పరికరం మీద పెడితే నిమిషంలో వదులుతుంది. డయల్ మీద 'మాస్టర్ క్రోనోమీటర్' అని ఉంటే మాత్రం అనుమానం వేరే చోట పెట్టుకోండి, అవి 15,000 గాస్ (అయస్కాంత తీవ్రతకు కొలమానం) వరకు తట్టుకుంటాయి.

అది కాకపోతే 68 వేలను విడగొట్టి రాసిమ్మనండి. నల్లగొండ నుంచి నా పాత సీమాస్టర్ (ఒమేగాలోనే ఒక మోడల్) తీసుకెళ్లినప్పుడు నాకూ ఒకే మొత్తం చెప్పారు. వివరం అడిగితే డయల్, ముళ్లు, పాలిష్ అన్నీ అందులోనే ఉన్నాయి. డయల్ కాస్త పసుపెక్కింది, అంతే! వద్దన్నాను, దాదాపు మూడో వంతు తగ్గింది. పాత వాచీకి విలువ ఆ అసలు డయల్‌లోనే ఉంటుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ లోహం అరిగి అంచులు మొద్దుబారతాయి.

డబ్బు పెట్టదగినది పూర్తి సర్వీసుకే. అంటే ప్రతి భాగమూ విప్పి కడగడం, కొత్త నూనె వేయడం, నీరు చొరకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు మార్చడం, వాచీ నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రం మీద వాచీని రకరకాలుగా తిప్పి కొలవడం, చివర నీటి ఒత్తిడి పరీక్ష. దీనికి రెండేళ్ల వారంటీ రాసిస్తే నాకైతే ఆ ధర మీద పేచీ లేదు.

ఊళ్లో మెకానిక్‌ను చులకన చేయడం లేదు. హెచ్ఎంటీలు బాగుచేసి చేయి తిరిగిన వాళ్లు మన దగ్గర ఉన్నారు. అయితే ఒమేగా విడిభాగాలు బయటి వాళ్లకు అంత సులువుగా దొరకవు, ఒమేగా కొత్త వాచీల్లో ఉండే కో-యాక్సియల్ యంత్రానికి వేరే శిక్షణ కావాలి. ఏ భాగం వేస్తారు, ఎక్కడి నుంచి తెస్తారు, నీటి పరీక్ష ఎలా చేస్తారు అని అడగండి. జవాబు తడబడితే ఐదు వేలు కూడా ఎక్కువే.

ఎక్కడ ఇచ్చినా మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని రాయించుకోండి. వాచీ సీరియల్ నంబరు రసీదు మీద పడ్డాకే చేతికున్నది విప్పండి.