లైనక్స్ సర్వర్‌లో టేప్ డ్రైవ్ కనిపిస్తోంది, టేప్ లైబ్రరీ (క్యాసెట్లు ఉంచే పెట్టె) ఛేంజర్ కనిపించడం లేదు. ఎందుకు?

ముందు ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ (lsscsi, తగిలించిన పరికరాల జాబితా చూపేది) కమాండ్ కొట్టి చూడండి. 'టేప్' వరుసతో పాటు 'మీడియమ్ఎక్స్' అన్న వరుసా ఉండాలి. క్యాసెట్లు మార్చే రోబో చేయి అదే. చిన్న లైబ్రరీల్లో అది సాధారణంగా డ్రైవ్ వెనకాలే లన్ (ఒకే కనెక్షన్ మీద ఉన్న ఒక్కో పరికరం నంబరు) 1గా ఉంటుంది (డ్రైవ్ లన్ 0). రెయిడ్ కార్డుకి (డిస్కులను కలిపి నడిపేది) తగిలిస్తే ఆ లన్ 1 కనిపించకపోవచ్చు, మామూలు ఎస్ఏఎస్ హెచ్‌బీఏ (పరికరాలను నేరుగా సర్వర్‌కి కలిపే కార్డు) వాడండి.

విజయనగరంలో మా ఆఫీసులో మాత్రం అసలు దోషి కరెంటే. పోయి వచ్చాక సర్వర్ ముందే లేచిపోయింది, లైబ్రరీ ఇంకా స్లాట్లు లెక్కపెట్టుకుంటోంది. టెన్షన్ పడి రీబూట్ చేయక్కర్లేదు. లైబ్రరీ తెర మీద 'రెడీ' అని వచ్చాక, ఆ హోస్ట్ (లైబ్రరీ తగిలించిన కార్డు) తాలూకు స్కాన్ ఫైల్‌లోకి మూడు గీతలు, మధ్యలో ఖాళీలతో (- - -), ఎకో కమాండ్‌తో రాస్తే రీస్కాన్ అవుతుంది. అప్పటికీ రాకపోతే కేబుల్ చూడండి.

అన్నట్టు, ఎస్‌జీ నంబరు (పరికరానికి లైనక్స్ ఇచ్చే sg3 లాంటి పేరులోది) రీబూట్ తర్వాత మారిపోవచ్చు. కాన్ఫిగ్‌లో బై-ఐడీ పేరే (పరికరం సొంత గుర్తింపుతో ఉండే, మారని పేరు) రాయండి.