టెక్ సందేహాలు: పడమటి అద్దాలకి ఎండ ఎందుకు తగల్లేదు?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై గిండీలో ఒక కన్సల్టెన్సీలో జూనియర్‌ని. పెరుంగుడిలో రాబోయే ఆఫీసు బిల్డింగుకి ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏసీ లోడ్, అంటే ఏసీ ఎంత వేడిని లాగేయాలో, లెక్క వేస్తున్నాను. నెట్‌లో ఉచితంగా దొరికిన ఉపగ్రహ డేటాతో వాతావరణ ఫైల్ నేనే తయారు చేశాను. మే నెలలో పొద్దున తొమ్మిదింటికే లోడ్ గరిష్ఠానికి వెళ్తోంది. పడమర అంతా అద్దాలే, అయినా సాయంత్రం లోడ్ పెరగట్లేదు. మా సార్ మోడల్ మళ్లీ మొదటి నుంచి గీయమంటున్నారు.

జవాబు: అప్పుడే గీయకండి. లక్షణాలు చూస్తే తప్పు బిల్డింగుది కాదు, గడియారానిది. మీ డేటా యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైములో ఉండుంటుంది. మన మధ్యాహ్నం రెండున్నర అక్కడ తొమ్మిది. ఆ అంకెల్ని మీరు అలాగే తెచ్చి చెన్నై టైము కింద పెట్టేశారు. సూర్యుడు ఎక్కడున్నాడో మాత్రం ఎనర్జీప్లస్ అక్షాంశ రేఖాంశాలు, టైమ్ జోన్ చూసి తనే లెక్క కట్టుకుంటుంది. ఆయన పడమటి అద్దాల మీదికి దిగేసరికి మీ ఫైల్లో ఎండ అయిపోయి ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి కాసిన ఎండనేమో, ఆ వేళ సూర్యుడే లేడు కదా అని వదిలేస్తుంది. పాపం, దాని తప్పేం లేదు.

నమ్మకం కలగకపోతే మీ వాతావరణ ఫైల్‌ని (ఈపీడబ్ల్యూ అంటారు) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లోపలున్నవి కామాలతో విడదీసిన మామూలు అంకెలే. మొదటి 8 వరుసలు పరిచయం, ఆ తర్వాత గంటకో వరుస చొప్పున 8,760. ప్రతి వరుసలో 7వది ఉష్ణోగ్రత, 14వది నేల మీద పడే మొత్తం ఎండ. తెల్లవారేదాకా ఆ 14వ అంకె సున్నా ఉండాలి. మీ ఫైల్లో ఒంటిగంటకో రెండింటికో అంకెలు మొదలై ఉంటాయి, చూడండి.

పూర్తి గంటల తేడా అయితే వరుసలు కిందికి జరిపితే సరిపోయేది. గ్రీనిచ్‌కీ మనకీ తేడా ఐదున్నర గంటలు, ఆ అరగంట ఒకటుందిగా! ఉష్ణోగ్రతకైతే పక్కపక్క గంటల సగటు తీసుకోవచ్చు, ఎండకి అలా చేస్తే ఉదయం, సాయంత్రం అంచుల్లో అంకెలు చెడతాయి. నన్నడిగితే ఆ తంటా మాని, వన్‌బిల్డింగ్ సైట్‌లో ఉచితంగా ఉన్న మీనంబాక్కం ఎయిర్‌పోర్ట్ ఫైల్ తెచ్చుకోండి. అన్నట్టు, మొదటి వరుసలో టైమ్ జోన్ 5.5 అని ఉండాలి. ఐదు గంటల ముప్ఫై నిమిషాలే కదా అని 5.30 కొట్టిన మహానుభావుణ్ని ఎరుగుదును. నేనే. 12 నిమిషాల తేడాతో రిపోర్టు వెళ్లిపోయింది, ఎవరూ కనిపెట్టలేదు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఇల్లు కట్టుకున్నాం. ఆర్కిటెక్ట్ కంప్యూటర్‌లో చూపించిన యూనిట్లకన్నా వేసవిలో ఈబీ (కరెంటు) బిల్లు బాగా ఎక్కువొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్లని నమ్మొచ్చా?

జవాబు: ఆయన లెక్క కట్టింది మీరు గడిపిన వేసవికి కాదండీ. అసలు ఏ సంవత్సరానికీ కాదు. చాలా ఏళ్ల డేటా ముందేసుకుని జనవరుల్లో మామూలు జనవరి, ఫిబ్రవరుల్లో మామూలు ఫిబ్రవరి, ఇలా 12 నెలలు ఏరి అతికించిన సంవత్సరం అది. 2015 వరదల డిసెంబరు, వార్దా తుపానొచ్చిన 2016 డిసెంబరు లాంటివి అందులోకి రావడం కష్టం. రెండు రకాల కిటికీల్లో ఏది మేలో తేల్చడానికి ఆ అతుకుల ఏడాది చాలు. బిల్లుతో పోల్చాలంటే మాత్రం ఆ ఏడాది నిజంగా నమోదైన డేటాతోనే మళ్లీ రన్ చేయాలి. దానికన్నా ముందు, ఏసీ రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందని లెక్క వేసుకున్నారో ఆయన్ని అడగండి. రాత్రి పది నుంచి ఆరు దాకా అని రాసుంటే, మే నెల సెలవులకొచ్చి పగలంతా హాల్లో ఏసీ ఆపనివ్వని మనవళ్లు ఆ లెక్కలో లేనట్టే.

ప్రశ్న: మేడ మీద చిన్న వెదర్ స్టేషన్ పెట్టాను. మధ్యాహ్నం 46 డిగ్రీలు చూపిస్తోంది. ఈ డేటా లెక్కలకి పనికొస్తుందా?

జవాబు: సెన్సర్‌కి నేరుగా ఎండ తగులుతోందేమో చూడండి. అలాగైతే అది గాలి వేడి కాదు, డబ్బా వేడి. కింద కాలిన శ్లాబు సెగ అదనం. గాలి ఆడే తెల్లటి రెక్కల గూడులో, వీలైతే కింద గడ్డి ఉన్న ఖాళీ చోట పెట్టి వారం చూడండి.