జేబులో పట్టే స్క్రూడ్రైవర్: ఏది కొనాలి, ఎలా వాడాలి?

ప్రశ్న: రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. బ్యాగులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉంచుకోవాలని ఉంది. ఆన్‌లైన్లో చూస్తే 32 బిట్లు, 115 బిట్లు అంటూ రకరకాల సెట్లు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: బిట్ల (పిడికి మార్చి మార్చి పెట్టుకునే కొసల) లెక్క చూసి కొనకండి, బిట్ కాడ మందం చూసి కొనండి. వంద పైచిలుకు బిట్లతో వచ్చే డబ్బాల్లో చాలావరకు 4 మిల్లీమీటర్ల సన్న కాడవే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు విప్పడానికి అవి మంచివి. వాటితో తలుపు బందు స్క్రూ బిగించబోతే కొస మెలితిరుగుతుంది, లేదా విరుగుతుంది. ఇంటికీ బండికీ కావలసింది 6.35 మి.మీ., అంటే పావు అంగుళం ఆరు పలకల కాడ. ఈ కొలత బిట్లు ఏ కంపెనీవైనా ఒకదాని హోల్డరులో (బిట్‌ను పట్టి ఉంచే గొట్టంలో) ఇంకొకటి పడతాయి. ఒకటి అరిగితే పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ కొట్లో ఆ ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు.

కొనే ముందు ఒకసారి మీ ఇంట్లో, బండికి ఉన్న స్క్రూలు చూడండి. స్విచ్‌బోర్డు, కుక్కర్ పిడి, తలుపు బందులు, నంబర్ ప్లేటు, బండి సైడ్ ప్యానెల్ చూస్తే చాలు. ఎక్కువ వాటికి ప్లస్ 2, అంటే పీహెచ్2 సరిపోతుంది. చిన్నవాటికి పీహెచ్1. ఫ్లాట్‌లో 4 మి.మీ. ఒకటి, 6 మి.మీ. ఒకటి. విడిభాగాలుగా తెచ్చి బిగించిన మంచమో బీరువానో ఉంటే పీజడ్2 (ప్లస్‌లాగే ఉండే పోజిడ్రైవ్ రకం), 4 మి.మీ. అలెన్ (ఆరు పలకల కొస). కొత్త ఉపకరణాలు ఉంటే ఆరు కొనల నక్షత్రంలా ఉండే టార్క్స్ టీ15, టీ20. మొత్తం ఎనిమిది. కింద చెప్పే పొడుగు బిట్ తప్ప, అంతకు మించినవి బ్యాగుకు బరువే. ఒక జాగ్రత్త: కొట్లో ‘స్టార్’ అని అడిగితే చాలామంది ప్లస్ ఇస్తారు, కాబట్టి టార్క్స్ కావాలంటే నంబరు చెప్పి అడగండి.

ఈ ఎనిమిదింటితో పాటు 50 మి.మీ. పొడవున్న పీహెచ్2 ఒకటి తప్పకుండా ఉండాలి. డ్రిల్ మిషన్‌కి వాడే పొడుగు బిట్ అదే. మిక్సీ అడుగున, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అడుగున స్క్రూలు లోతు రంధ్రాల్లో ఉంటాయి. మామూలు బిట్ 25 మి.మీ. ఉంటుంది, అందులో సగం హోల్డరులోనే ఉండిపోతుంది. హోల్డరు బయటి మందం దాదాపు 10 మి.మీ., రంధ్రంలోకి దిగదు. చిన్న స్క్రూడ్రైవర్ కొన్నవాళ్లు ముందుగా ఇబ్బంది పడేది ఇక్కడే.

ఇక పిడి. పెన్నులా సన్నగా ఉన్నది జేబుకు అందంగానే ఉంటుంది. కానీ చేతి పట్టు ఒకటే అనుకుంటే, 12 మి.మీ. పిడి కన్నా 30 మి.మీ. పిడితో రెండున్నర రెట్లు తిప్పుడు బలం వస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. మొత్తం పొడవు 10–13 సెంటీమీటర్లు, పిడి లావు 25 మి.మీ.కి తగ్గకుండా, బిట్లు పిడి లోపలే దాచుకునేలా ఉన్నది తీసుకోండి. మూత మర తిప్పి బిగించేదైతే మేలు. నొక్కితే పడే మూతలు బ్యాగులో ఊడి, బిట్లు అడుక్కి చేరతాయి.

రెండు వైపులా కొసలున్న బిట్లతో వచ్చే ‘6 ఇన్ 1’ రకం కూడా గట్టిదే. అందులో బిట్లు తీసేస్తే గొట్టం కొనలు నట్ స్పానర్లుగా పనికొస్తాయి. కానీ వాటి కొలతలు అంగుళాల్లో ఉంటాయి: 1/4, 5/16. 5/16 అంటే 7.94 మి.మీ., మన 8 మి.మీ. నట్టు కొన్నిటికి ఎక్కుతుంది, కొన్నిటికి ఎక్కదు. 10 మి.మీ. నట్టుకు అసలు పనికిరాదు.

రాచెట్ (ఒక వైపే పట్టి, వెనక్కి ఖాళీగా తిరిగే అమరిక) ఉన్నది కావాలా అంటే, రోజూ మోసుకెళ్లేదానికి నా మొగ్గు రాచెట్ లేనిదానికే. రాచెట్ ఉంటే ఇరుకు చోట చెయ్యి తీసి మళ్లీ పట్టుకునే పని తప్పుతుంది, నిజమే. కానీ చవక రాచెట్‌లో పళ్లు జారిపోతాయి. ఇసుక పడితే ఇరుక్కుంటాయి.

కొట్లోనే రెండు పరీక్షలు చేయండి. బిట్ పెట్టి వేలితో పక్కకు కదపండి. కొద్దిగా ఊగితే ఫరవాలేదు, లొడలొడలాడితే వద్దు. తర్వాత ఒక స్క్రూ తలలో బిట్ కొస దించి, స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా పట్టుకోండి. కొస సరిగ్గా చెక్కినదైతే స్క్రూ తల వాల్చకుండా నిలబడుతుంది.

ప్రశ్న: నా బండి ఇంజను పక్క స్క్రూలు ఎంత జాగ్రత్తగా విప్పినా ప్లస్ అరిగిపోతోంది. స్క్రూడ్రైవర్ నాసిరకమా?
– గాజువాక నుంచి

జవాబు: అదొక్కటే కారణం కాకపోవచ్చు. ఫిలిప్స్ (పీహెచ్) ప్లస్ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. తిప్పే బలం పెరిగేకొద్దీ బిట్ పైకి లేస్తుంది, లేచినప్పుడల్లా అంచులు కోసుకుపోతాయి. కాబట్టి బిగిసిన స్క్రూ దగ్గర మీ బలంలో ముప్పావు నొక్కడానికి, పావు తిప్పడానికి పెట్టండి.

రెండో కారణం గాడి రకం. జపాన్ డిజైన్ బండ్లలో జేఐఎస్ (జపాన్ ప్రమాణం) ప్లస్ స్క్రూలు ఉంటాయి. తల మీద ఒక చిన్న చుక్క కనిపిస్తే అవే. మామూలు పీహెచ్2 అందులో అడుగుదాకా దిగదు. జేఐఎస్ 2 నంబరు బిట్ ఒకటి విడిగా తెచ్చుకోండి, అది ఫిలిప్స్ స్క్రూలకూ బాగానే కుదురుతుంది. అలాగే ప్లస్ గాడి మధ్య ఏటవాలుగా నాలుగు సన్నగీతలుంటే అది పోజిడ్రైవ్, దానికి పీజడ్ బిట్టే వాడాలి.

మూడోది మన ఊరి గాలి. అల్యూమినియం ఇంజను కవరులో ఉక్కు స్క్రూ, మధ్యలో ఉప్పుతేమ. ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి పేరుకుంటుంది, మర పట్టేస్తుంది. ఇలా చేయండి: గాడిలో మట్టిని గుండుసూదితో తీయండి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి కనీసం అరగంట, వీలైతే రాత్రంతా వదలండి. గట్టి స్క్రూడ్రైవర్ గాడిలో నిలబెట్టి సుత్తితో మూడు నాలుగు దెబ్బలు తేలిగ్గా వేయండి. ముందు బిగించే వైపు రవ్వంత తిప్పి, తర్వాత విప్పండి. గాడి కొంచెం అరిగి ఉంటే బిట్ కొసకు గరుకుగా ఉండే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాస్తే పట్టు దొరుకుతుంది. సుత్తి దెబ్బలకు మాత్రం జేబు స్క్రూడ్రైవర్ వాడొద్దు. దాని పిడి బోలుగా ఉంటుంది, లోపలి గదులు పగిలిపోతాయి.

మళ్లీ బిగించేటప్పుడు మరకు కాస్త గ్రీజు రాయండి. వచ్చే ఏడాది ఇదే పని మళ్లీ పడకుండా ఉంటుంది.

ప్రశ్న: బీచ్‌కు దగ్గర్లో ఉంటాం. బిట్లు నెల తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. స్టీలువి కాదా ఇవి?
– పెదజాలారిపేట పాఠకురాలు

జవాబు: స్టీలే, కానీ స్టెయిన్‌లెస్ కాదు. ఎస్2 అయినా క్రోమ్ వెనేడియం అయినా గట్టిదనం కోసం చేసిన ఉక్కులు, రెండూ తుప్పు పడతాయి. నల్లపూత బిట్లు ఇంకా తొందరగా. చేతి చెమట కూడా చాలు. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాయండి. పిడి లోపల తేమ పీల్చే ఒక చిన్న సిలికా జెల్ పొట్లం పడేయండి. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, వద్దు. కొసకు ఎర్రతుప్పు పడితే ఇత్తడి బ్రష్‌తో రుద్దండి, ఉప్పుకాగితం పెడితే కొస కొలత పోతుంది.

ఇంకో సంగతి. విశాఖ, భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైట్‌తో పాటు మాగ్నెటైట్ ఉంటుంది. అది హోల్డరు అడుగున అయస్కాంతానికి అంటుకుంటే బిట్ పూర్తిగా దిగదు, వదులై స్క్రూ తలను పాడుచేస్తుంది. గోధుమపిండి ముద్దలో కొంచెం తీసుకుని లోపలికి అదిమి లాగండి, రేణువులన్నీ దానితో వచ్చేస్తాయి. తర్వాత పొడిగా తుడవడం మరవకండి.

ప్రశ్న: పిడి ప్లాస్టిక్ కదా, స్విచ్‌బోర్డు పనికి వాడొచ్చా?
– మధురవాడ నుంచి

జవాబు: తీగల్లో కరెంటు ఉన్నప్పుడు వాడకూడదు. హోల్డరు ఇనుము బయటికే ఉంటుంది, వేలు దాని మీద పడుతుంది. రక్షణ ఉన్నదాని మీద 1000 వోల్టుల అంకె, రెండు త్రికోణాల గుర్తు ఉంటాయి. బిట్లు మార్చే చిన్న స్క్రూడ్రైవర్లలో ఇది అరుదు. ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించండి. టెస్టర్‌ను ముందు కరెంటున్న ప్లగ్గులో చూసి, తర్వాత మీరు పని చేసే తీగ మీద చూసి, మళ్లీ ఆ ప్లగ్గులో చూడండి. టెస్టర్ మధ్యలో పాడై ఉంటే ఆ మూడో సారికి తెలిసిపోతుంది. టెస్టర్‌తో స్క్రూలు బిగించొద్దు, లోపలి గాజు దీపం, రెసిస్టరు చెడతాయి.

ప్రశ్న: విమానంలో హ్యాండ్ బ్యాగులో ఉంచుకోవచ్చా?
– సీతమ్మధార

జవాబు: వద్దు. సెక్యూరిటీ తనిఖీలో తీసేసుకోవచ్చు. చెక్-ఇన్ లగేజీలో పెట్టండి, లేకపోతే ఇంట్లోనే వదిలి వెళ్లండి.