నెలకో లక్ష్యం మారుస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. చిన్నప్పటి నుంచి డాక్టర్ అవుతాననేది. ఇప్పుడు ఒక నెల డిజైనర్ అంటుంది, ఇంకో నెల జర్నలిస్ట్ అంటుంది. గట్టిగా అడిగితే ‘నా ఇష్టం’ అని తలుపేసుకుంటోంది. ఇప్పుడే ఒక దారిలో పెట్టకపోతే వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక్కటి ఆలోచించండి. డాక్టర్ అవుతానన్న పాత మాట నిజంగా తనదేనా? చిన్నపిల్ల ఆ మాటంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ మురిపెం కోసమే చాలామంది పిల్లలు అదే మాట మళ్లీ మళ్లీ అంటారు. మీ పాప ఇప్పుడు తన సొంత మాట వెతుక్కుంటోంది.

కెరీర్ ఎంపికపై 1951లో అమెరికా ఆర్థికవేత్త ఎలీ గింజ్‌బర్గ్ బృందం చెప్పిన ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల దాకా పిల్లల ఎంపికలు తాత్కాలికమే. మొదట ‘నాకేది ఇష్టం’ అనుకుంటారు. 13, 14 ఏళ్లు వచ్చేసరికి ‘అది నాకు చేతనవుతుందా’ అన్న ప్రశ్న మొదలవుతుంది. మాట మారడానికి అదీ ఒక కారణం. నన్నడిగితే, ఏదీ వెతక్కుండా పెద్దలు చెప్పినదానికే తలూపే పిల్లల గురించే నాకు ఎక్కువ బెంగ. మానసిక శాస్త్రవేత్త జేమ్స్ మార్సియా 1966లో కాలేజీ విద్యార్థులను పరిశీలించినప్పుడు, తల్లిదండ్రుల ప్లాన్‌నే పట్టుకున్నవాళ్లు తమ శక్తికి మించిన లక్ష్యాలు పెట్టుకున్నట్టు తేలింది.

‘ఏమవుతావు?’ అని అడగడం కొన్నాళ్లు ఆపండి. ‘జర్నలిస్ట్ పనిలో నీకేం నచ్చింది?’ అని అడిగి చూడండి. మనుషులతో మాట్లాడటమా, రాయడమా, తిరగడమా? డిజైనర్ అన్నప్పుడూ అదే అడగండి. ఉద్యోగం పేరు మారినా నచ్చే పని ఒకటే కావచ్చు. నేను పట్టించుకునేది దాన్నే.

ఇక ‘నా ఇష్టం’ సంగతి. నిద్ర, భద్రత మీ చేతిలోనే ఉంచుకోండి. హోంవర్క్ వేళలు, సెలవు రోజు ఎలా గడపాలి, ఏ క్లబ్‌లో చేరాలి లాంటివి పూర్తిగా తనకే వదిలేయండి. హోంవర్క్ మర్చిపోయి టీచర్‌తో మాటపడినా మీరు అడ్డుపడొద్దు. ఇది చెప్పినంత తేలిక కాదు, నాకూ తెలుసు.

తలుపేసుకోవడం ఈ వయసులో మామూలే. కానీ వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, తిండి తగ్గి, స్నేహితులకూ దూరమైతే మాత్రం అది కెరీర్ సమస్య కాదు. ఆలస్యం చేయకుండా సైకాలజిస్ట్‌ను కలవండి.