ఇంప్లాంట్ పెట్టిన రోజు "పట్టు తక్కువ వచ్చింది" అన్నారు, పన్ను నిలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 61 ఏళ్ళు, పై దవడలో వెనక పన్ను చోట ఇంప్లాంట్ (పన్ను తొడగడానికి దవడ ఎముకలో దించే టైటానియం స్క్రూ) పెట్టారు. డాక్టర్ గారు "ఇనీషియల్ స్టెబిలిటీ (మొదటి రోజు పట్టు) తక్కువ వచ్చింది, చిగురు మూసి కుట్టేశాను, ఆరు నెలలు ఆగండి" అన్నారు. బయటికొచ్చి చూస్తే ఏలూరు రోడ్డు మీద "మూడు రోజుల్లో పళ్ళు" అని బోర్డు. మనం మోసపోయామా అని మీ భయం.

నేను డాక్టర్ని కానండీ. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ పెట్టుకుని 26 ఏళ్ళయింది. నా నోట్లో ఇంప్లాంట్లు రెండే, కానీ పెట్టించుకున్నది మూడుసార్లు. ఆ మూడోది ఎందుకొచ్చిందో చెబితే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

మొదటిది కింద దవడ, కుడివైపు. డాక్టర్ గారు బుల్లి టార్క్ రెంచ్‌తో (టార్క్ అంటే తిప్పే బలం, అదెంతో చూపించే పానా) బిగిస్తూ "నలభై వచ్చింది, బాగా పట్టింది" అన్నారు. మన పనిముట్టు ఆయన చేతిలో కనబడేసరికి ఆగలేక, అంతా అయ్యాక అడిగాను, నలభై ఏమిటని. న్యూటన్ సెంటీమీటర్లట. కారు వీల్ నట్టు బిగించేది సుమారు 100 న్యూటన్ మీటర్లు. ఇది 0.4. అందులో 250వ వంతు! ఎముకకి అదే గట్టి బిగింపు. మామూలుగా 35 దాటితే అదే రోజు తాత్కాలిక పన్ను తొడగడానికి ధైర్యం చేస్తారు. నాకూ తొడిగారు. చూపుకే, నమలడానికి కాదు అని రెండుసార్లు చెప్పారు.

నా బుర్ర మెకానిక్ బుర్ర. బోల్టు ఇవాళ టార్క్ పట్టిందంటే రేపూ పట్టే ఉంటుంది కదా. మూడో వారంలో కంకిపాడులో బావమరిది ఇంటికెళ్తే చేగోడీలు పెట్టారు. నొప్పి లేదు, వాపు లేదు. ఎడంవైపే నమిలి నమిలి విసుగొచ్చి కుడివైపు వేశాను. డబ్బా కట్టిస్తే ఇంటికి తెచ్చుకుని మరీ తిన్నాను. ఐదో వారానికి నాలుకతో తోస్తే పన్ను కదిలింది. డాక్టర్ గారు పెద్ద కష్టం లేకుండానే తిప్పి తీసేశారు. ఆయన్ని అనడానికేమీ లేదు, డబ్బా ఖాళీ చేసింది నేను.

ఆరోజు ఆయన మందుల చీటీ వెనక రెండు గీతలు గీశారు. ఒకటి పైనుంచి కిందికి దిగేది, ఒకటి కిందినుంచి పైకి ఎక్కేది. దిగేది మర పట్టు. అంటే ఇంప్లాంట్ మరలు పాత ఎముకని కరుచుకోవడం వల్ల మొదటి రోజు వచ్చే బిగింపు. డ్రిల్లు తగిలి నలిగిన ఆ ఎముకని ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుంది కాబట్టి ఆ బిగింపు రోజురోజుకీ తగ్గుతుంది. ఎక్కేది కొత్తగా పుట్టి టైటానియానికి అతుక్కునే ఎముక. రెండు గీతలూ కలిసే గుంట సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య వస్తుంది. నేను చేగోడీలు నమిలింది సరిగ్గా ఆ గుంటలో. స్లాబ్ గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పినట్టు. అప్పుడు ఇంప్లాంట్ మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు కదులుతూ ఉంటే చాలట, దాని చుట్టూ ఎముక బదులు మెత్తటి పీచు కండ పెరుగుతుంది. ఇక అది ఎప్పటికీ గట్టిపడదు. లేత్ మీద ఆ పాటి తేడాకే మేం పీసుని స్క్రాప్‌లో పడేస్తాం, కాబట్టి ఈ మాట నాకు వెంటనే ఎక్కింది.

నాలుగు నెలలు ఆగి అదే చోట కొంచెం లావు ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. ఈసారి పన్ను తొడగొద్దని నేనే అన్నాను.

ఇప్పుడు అమ్మగారి సంగతి. పై దవడ వెనక భాగంలో ఎముక సాధారణంగా గుల్లగా ఉంటుంది. 1985లో లెకోమ్, జార్బ్ అనే ఇద్దరు దవడ ఎముకని నాలుగు రకాలుగా విడగొట్టారు, డాక్టర్లు ఇప్పటికీ ఆ లెక్కే చెబుతారు. మన భాషలో ఒకటో రకం మద్ది చెక్క, నాలుగోది మునగకొమ్మ. మునగకొమ్మలో ఎంత మంచి స్క్రూ దించినా ఎంత పడుతుంది? అందుకే మెత్తటి ఎముకలో రంధ్రం కావాలనే తక్కువ సైజులో కొడతారు. మేం పది మిల్లీమీటర్ల బోల్టుకి మర కోయాలంటే ముందు 8.5 డ్రిల్లుతో రంధ్రం కొడతాం, ఆ లెక్కన మెత్తటి ఎముకకి ఇంకా సన్న డ్రిల్లన్నమాట. అలాగని ఇష్టమొచ్చినంత బిగించడమూ కుదరదు, మరీ నొక్కితే చుట్టూ ఎముక చచ్చిపోతుంది. డ్రిల్లు వేడెక్కినా అంతే: 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు. సెలైన్ పోస్తూ కొట్టేది అందుకే. మా కూలెంట్ లాంటిదే.

నా రెండో ఇంప్లాంట్ అచ్చం అమ్మగారి లాంటిదే, పై దవడ ఎడమ. రెంచ్ ఇరవై కూడా చూపించలేదు. తర్వాత ఒక చిన్న మేకు లాంటిది బిగించి, పక్కన మిషన్ పెట్టి ఇంకో అంకె చూశారు. ఐఎస్‌క్యూ అంటారు, ఇంప్లాంట్ ఎంత గట్టిగా నిలబడిందో చెప్పే అంకె, 1 నుంచి 100 దాకా ఉంటుంది. 70 పైన ఉంటే బాగున్నట్టు, 60 లోపైతే ఆగాల్సినట్టు. నాది 56. చిగురు మూసి కుట్టేశారు. ఆరు నెలల తర్వాత తెరిచి చూస్తే 68. అప్పుడు క్యాప్ వేశారు, నాలుగేళ్ళుగా దాంతో బఠాణీలు కూడా నములుతున్నాను. నలభై వచ్చినది పోయింది, ఇరవై రానిది నిలిచింది. దీన్నిబట్టి మొదటి రోజు పట్టు ముఖ్యం కాదనుకోకండి. పట్టు ఎక్కువుంటే గండం తక్కువ, అది నిజమే. తక్కువుంటే చేతిలో మిగిలే మందు కాలమే.

ఆరు నెలలన్నది మీ డాక్టర్ గారు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. టైటానియం ఎముకకి అతుక్కుంటుందని 1952లో కుందేలు కాలి ఎముకలో గమనించిన స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్, 1965లో మొదటి మనిషికి ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన పద్ధతిలో కింద దవడకి మూడు నాలుగు నెలలు, పై దవడకి ఆరు నెలలు చిగురు కింద వదిలేయడమే.

ఇక ఆ బోర్డు. అదంతా అబద్ధమని అనను. నోరంతా పళ్ళు లేనివాళ్ళకి నాలుగైదు ఇంప్లాంట్లు పెట్టి, అన్నిటినీ ఒకే చట్రంతో కట్టేస్తే బరువు పంచుకుంటాయి, పట్టు బాగా వస్తే వెంటనే పళ్ళు బిగించొచ్చు. మునగకొమ్మలో ఒంటరిగా నిలబడ్డ ఒక్క ఇంప్లాంట్‌కి ఆ లెక్క వర్తించదు. నన్నడిగితే, పట్టు తక్కువ వచ్చిందని ఉన్నమాట చెప్పిన డాక్టర్‌ని వదులుకోను.

ఈసారి వెళ్ళినప్పుడు టార్క్ ఎంత వచ్చిందో, ఐఎస్‌క్యూ చూశారో లేదో అడిగి ఫైల్లో రాయించుకోండి. ఆ మిషన్ అన్నిచోట్లా ఉండదు, లేకపోతే తప్పేమీ కాదు. క్యాప్ వేసేముందు మాత్రం పట్టు మళ్ళీ ఎలా చూస్తారో అడగండి. ఇంకా అనుమానం తీరకపోతే మన ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఎక్స్‌రే చూపించి రెండో మాట తీసుకోండి. అమ్మగారికి షుగర్ ఉంటే మూడు నెలల సగటు పరీక్ష చేయించండి.

ఒకటి మీరు రాయలేదు: ఆ ఖాళీలో అమ్మగారు తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఏమైనా వాడుతున్నారా? వాడుతుంటే అది చిగురు మీద నొక్కిన ప్రతిసారీ కిందనున్న ఇంప్లాంట్‌నీ కదపొచ్చు. రేపే తీసుకెళ్ళి, దాని లోపలివైపు తగలకుండా అరగదీయించండి.