ఆయన ముఖం ఏదమ్మా?

మీ ఉత్తరం చదివాను. మీరు పదకొండేళ్ళుగా కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఉన్నారు. రెండేళ్ళ నుంచి ఆ బాధనే బొమ్మలుగా వేస్తున్నారు. నలుపు ఎక్కువైంది, చూడలేకపోతున్నాం అంటున్నారట నలుగురూ. రంగులు మార్చనా అని మీ ప్రశ్న.

అక్కర్లేదు. వాపు మీది, నలుపూ మీ ఇష్టం.

అసలు సంగతి ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. గుండీలు పెడుతున్న చేతులు, మాత్రల రేకు చింపుతున్న చేతులు, సీసా మూత తిప్పుతున్న చేతులు. పద్నాలుగు బొమ్మల్లోనూ మీవారున్నారు, ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. "నేనంటే నీకు చేతులేనా?" అని అడిగి ఊరుకున్నారట. ఆయనకు కళ తెలియదని మీరు తేల్చేశారు. నన్నడిగితే, మీ బొమ్మల్ని సరిగ్గా చూసింది ఆయనొక్కరే.

ఒకరిచేత చేయించుకోవడం చిన్నతనంగానే ఉంటుంది. చేసే మనిషి కళ్ళలోకి చూడకపోతే కాస్త తేలిగ్గా ఉంటుంది కూడా. ఆ తేలిక మీకు, పనిముట్టయిపోయేది ఆయన.

ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి గీయండి. పొద్దున్నే వద్దు, కీళ్ళు బిగుసుకుని ఉంటాయి, వదిలాకే మొదలుపెట్టండి. పెన్సిల్ మానేయండి. సన్నటి కాడను వేళ్ళ కొసలతో బిగించి పట్టాలి, పైగా నొక్కాలి. మెత్తటి బొగ్గు గానీ పెద్ద కుంచె గానీ తీసుకోండి. కాడకు స్పాంజి చుట్టి రెండు మూడు సెంటీమీటర్ల లావు చేసి, పైన టేపు బిగించాలి. స్పాంజి జారిందా, ఇంకా గట్టిగా పిసుకుతారు. కాగితాన్ని ఏటవాలు అట్టకు అతికించి, భుజం కదిలేలా గీయండి. కాగితం ఏ3 సైజు (మామూలు ఏ4కి రెట్టింపు) కన్నా చిన్నదైతే భారమంతా మళ్ళీ వేళ్ళ మీదే పడుతుంది. ఇరవై నిమిషాలకు ఆపేయండి. నొప్పి మొదలయ్యాక ఆపితే లాభం లేదు. కీళ్ళు వాచి వేడిగా ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దు.

చిత్రకారుడు రెన్వార్‌దీ ఇదే జబ్బు. కుంచెను చేతికి కట్టించుకునేవాడని చెప్పుకుంటారు గానీ, ఆ గుడ్డ చుట్టింది అరచేతి చర్మం ఒరుసుకోకుండా. కుంచెను పక్కవాళ్ళు వేళ్ళ మధ్య పెట్టేవారు.

మీ ఇంట్లో మాత్రం ఆ ఇరవై నిమిషాలూ మీవారు లేవకూడదు, ఏదీ అందించకూడదు. మూతలన్నీ ముందే వదులు చేయించి పెట్టుకోండి. బొమ్మ అయ్యాక గోడకు పెట్టాలో వద్దో ఆయన్నే అడగండి. గుండీల బొమ్మ కూడా అడగకుండానే నలుగురికీ చూపించారు కదా, దాని గురించీ అడగండి.