గ్యారేజ్‌లో సీసం కరిగించబోతున్న మా చిన్నాకు

చిన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "బావగారూ, వాడు రైఫిల్ కొన్నాడట, గుండ్లు కూడా సొంతంగా పోసుకుంటాడట, మీరైనా చెప్పండి" అంది. వద్దని చెప్పమని ఆవిడ ఉద్దేశం. నేను వద్దనను. మీ నాన్న ఈ పని మానేశాక మన ఇంట్లో మళ్ళీ ఒకడు ప్రెస్ బిగించి తన రౌండ్లు, అంటే తూటాలు, తానే లోడ్ చేసుకుంటానంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఇంట్లో పాకే పిల్ల ఉంది. నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు దానిది. ఫోన్లో అయితే నువ్వు "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

తెలిసినవి త్వరగా చెప్పేస్తాను. పౌడర్ ఎంతో మంచి లోడింగ్ మాన్యువల్‌లో చూసుకో, ఎవరో చెప్పిన లెక్క వాడొద్దు. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. సీసం పోసి చేసిన బుల్లెట్లకి వాడే పౌడర్ తక్కువ, కేసు (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టం) లోపల బోలెడు ఖాళీ ఉంటుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పడినా పైకి తెలియదు. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూడు. నీది తూటాలు ఒకదాని వెనక ఒకటి గొట్టంలో ఉండే ట్యూబ్ మ్యాగజైన్ రైఫిల్ కాబట్టి ముక్కు చదునుగా ఉన్న బుల్లెట్లే. మొనదేలినవి పెడితే వెనకదాని మొన ముందుదాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌ని పొడుస్తుంది. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగి కొన్నావు, అది చాలా నచ్చింది నాకు. హెచ్ వన్ బీ మీద ఉన్న నీ స్నేహితులు సరదాగా అడిగినా ఒక్క రౌండ్ కూడా ఇవ్వకు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే వాళ్ళ దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. డబ్బులకి అమ్మాలంటే నీకూ లైసెన్స్ కావాలి.

ఇక సీసం. మీ తాతయ్య బెజవాడలో కంపోజిటర్ అని నీకు తెలుసు. అరిగిపోయిన అచ్చు అక్షరాలు కరిగించే గదిలో కూడా చేశాడని తెలియకపోవచ్చు. ఆ అక్షరాల్లో ఉండేవీ సీసం, యాంటిమొనీ, తగరమే. నువ్వు ఇప్పుడు మూకుడులో వేయబోయేవీ అవే. మధ్యాహ్నం చేతులు పంచెకి తుడుచుకుని క్యారేజీ విప్పేవాడు. రాత్రుళ్ళు కడుపు పట్టుకుని ముడుచుకుపోయి పడుకునేవాడు. గ్యాస్ అనీ, అజీర్తి అనీ వాము నీళ్ళు తాగించేది మా అమ్మ. గుంటూరులో ఒక డాక్టరు చిగుళ్ళు చూసి "ఏం పని చేస్తావయ్యా" అని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మనిషి మంచం మీద మెలికలు తిరగడం నేను చూశాను. మీ నాన్న అప్పటికి చిన్నవాడు, అంతగా గుర్తుండదు.

అందుకని చెప్తున్నా. గ్యారేజ్ తలుపు మూసి సీసం కరిగించావని తెలిస్తే పిట్స్‌బర్గ్ వచ్చి మరీ ఆ మూకుడు తీసుకుపోతాను. బయట, గాలి తగిలే చోట పెట్టుకో. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోసే వేడిలో ఆవిరికంటే పైన తేలే మడ్డి పొడితోనే ప్రమాదం ఎక్కువ. దాన్ని చెంచాతో తీసి మూత ఉన్న డబ్బాలో వెయ్యి, ఊడ్చకు. ఒక్క నీటి చుక్క కరిగిన సీసం అడుగుకి చేరినా పేలి ముఖం మీద పడుతుంది, కాబట్టి చలికాలంలో తడి దిమ్మలు ముందు బాగా ఆరబెట్టు. కేసులు దొర్లించి తోమే టంబ్లర్ దుమ్ములోనూ ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఉంటుంది, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ చొక్కా, ఆ బూట్లు ఇంట్లోకి రాకూడదు. చేతులు మోచేతుల దాకా కడిగాకే పిల్లని ఎత్తుకో. పాపకి రక్తపరీక్ష చేయించు, నువ్వూ చేయించుకో. పిల్లల రక్తంలో డెసీలీటరుకి 3.5 మైక్రోగ్రాములు ఉంటేనే కనిపెట్టి చూడాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో చెప్పింది. అంత తక్కువ మోతాదు గురించి మాట్లాడుతున్నాం నాన్నా.

ఇప్పుడు అసలు సంగతి, కేసు మెడ, అంటే బుల్లెట్‌ని పట్టుకునే పైభాగం. మీ నాన్న చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు.

అప్పట్లో మేమిద్దరం హ్యూస్టన్‌లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. వాడి దగ్గర పాత వించెస్టర్ 94 ఉండేది. బారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే గాడుల దగ్గర 0.308 అంగుళం. పద్ధతిగా 0.310కి సైజ్ చేసిన బుల్లెట్లు పోశాడు, బుల్లెట్ అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి టోపీ కూడా పెట్టాడు. యాభై గజాల్లో కాగితం మీద గుండ్రటి చిల్లులు పడాల్సింది పోయి, కొన్ని తాళంచెవి కన్నంలా నిలువుగా పడ్డాయి. అంటే బుల్లెట్ పల్టీలు కొడుతూ పోయి పక్కవాటుగా తగిలిందన్నమాట. ఇంటికొచ్చి బారెల్‌లోకి చూస్తే గాడుల నిండా సీసం పూత. రాగి పీచు బ్రష్‌కి చుట్టి అర్ధరాత్రి దాకా తోమేవాడు. ఆ గీరుడు శబ్దం గోడ అవతల నాకు వినిపించేది.

సీసం మెత్తగా ఉందని తేల్చేశాడు. కారు చక్రాలకి బిగించే వీల్ వెయిట్ల సీసంలో లైనోటైప్ లోహం కలిపాడు. అదీ అచ్చు యంత్రాల లోహమే, వాళ్ళ నాన్న ఆరోగ్యం తిన్నదే, డబ్బిచ్చి మరీ కొనుక్కొచ్చాడు. కాస్త నయమైంది. దాంతో దారి దొరికిందనుకున్నాడు. ఇంకా లైనోటైప్ వేశాడు. అచ్చులోంచి నేరుగా బకెట్ నీళ్ళలోకి జార్చి గట్టిపరిచాడు. బుల్లెట్‌కి పూసే లూబ్ మార్చాడు. ఒకసారి బాగుండేది, మరోసారి మళ్ళీ మొదటికొచ్చేది. మీ అమ్మ అప్పుడు నిన్ను కడుపుతో ఉంది. ఆ వాసనకి వాంతులని నా దగ్గర ఏడ్చింది. వాడికి చెప్తే "అన్నయ్యా, ఇంకొక్క బ్యాచ్" అనేవాడు. ఆ చలికాలమంతా అలాగే గడిపాడు.

చివరికి రేంజ్‌లో ఒక పెద్దాయన, మెషినిస్ట్‌గా చేసి రిటైరైన మనిషి, మీ నాన్నని ఒకే ప్రశ్న అడిగాడు: "లోడ్ చేశాక కొలిచావా?" వీడికి అర్థం కాలేదు. కేసులో కూర్చోబెట్టకముందు కొలిచాడు, 0.310. కూర్చోబెట్టాక ఎవరు కొలుస్తారు? ఆయన ఒక రౌండ్ తీసుకుని సుత్తిలా ఉండే పుల్లర్‌తో బుల్లెట్ ఊడగొట్టి మైక్రోమీటర్ పెట్టాడు. 0.307. బారెల్ గాడుల కంటే సన్నం. వెనక నుంచి వేడి గ్యాస్ దాని పక్కలనుంచి దూసుకుపోయి సీసాన్ని కోసి గాడులకి అతికిస్తోంది. ఇంక బుల్లెట్‌కి గాడుల పట్టు ఎక్కడిది?

కేసుని కొలతకి తెచ్చే డై సెట్‌లో ఎక్స్‌పాండర్ బాల్ అని ఒకటి వస్తుంది, మెడని లోపల్నుంచి తెరిచేది. దాన్ని రాగి తొడుగున్న 0.308 బుల్లెట్ కోసం చేసింది. అది మెడని 0.306 దగ్గర వదుల్తుంది. అందులోకి 0.310 సీసాన్ని నెడితే ఇత్తడి వంగదు, సీసమే నలుగుతుంది. బిగుతు గాజు తొడిగితే నలిగేది చెయ్యే గానీ గాజు కాదు కదా. లైనోటైప్ కలిపినప్పుడు ఎందుకు నయమైందో ఇప్పుడు అర్థమైందా? గట్టి బుల్లెట్ మెడలో కాస్త తక్కువ నలిగింది, అంతే. మందు తప్పు, కానీ జ్వరం కాస్త తగ్గింది. అందుకే వాడు ఆ తప్పు మందునే పట్టుకు వేలాడాడు.

నీది మార్లిన్ 336 అని మీ అమ్మ చెప్పింది. అందులో మైక్రో గ్రూవ్ బారెల్ ఉంటే గాడుల లోతు తక్కువ, కాబట్టి కాస్త లావు బుల్లెట్టే దానికి పడుతుంది. ముందు మెత్తటి సీసం ముక్క బారెల్‌లోంచి తోసి గాడుల వ్యాసం కొలుచుకో. దానికంటే అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతులు ఎక్కువ ఉండేలా బుల్లెట్ సైజ్ చెయ్యి.

మెడకి లైమన్ వాళ్ళ ఎం డై కొను. సైజింగ్ డైలోంచి ఆ ఎక్స్‌పాండర్ బాల్ తీసేసి, మెడ తెరవడం దీనితో వేరే మెట్టుగా చెయ్యి. బాల్ మెడని లోపల్నుంచి పైకి లాగుతుంది, లాగుడులో మెడ సాగుతుంది, వంకరపోతుంది. ఎం డై పైనుంచి నెమ్మదిగా దిగుతుంది. దాని ప్లగ్‌కి రెండు మెట్లు ఉంటాయి. పొడుగాటి కింది భాగం బుల్లెట్ కంటే కాస్త సన్నం, అది మెడ పట్టుని నిర్ణయిస్తుంది. పైన పొట్టి భాగం బుల్లెట్ కంటే రవ్వంత లావు. అది మెడ అంచు దగ్గర చిన్న గట్టులా చేస్తుంది. బుల్లెట్ అడుగు అందులో నిటారుగా కూర్చుంటుంది, చెయ్యి తీసినా ఒరగదు. సీసం చెక్కుకుపోదు, గ్యాస్ చెక్ వంకరగా దిగదు. ప్లగ్ సైజు మాత్రం చూసి కొను, 0.308కి చేసినది నీకు చాలకపోవచ్చు. ఇత్తడి తెరిచాక మళ్ళీ కొద్దిగా ముడుచుకుంటుందని గుర్తుంచుకో.

అంచు కంటికి కనపడీ కనపడనంత తెరిస్తే చాలు, గోరు పెడితే తెలియాలి. బాకా లాగా తెరిస్తే నాలుగైదుసార్లకే పగుళ్ళొస్తాయి. కేసులన్నీ ఒకే పొడవుకి కత్తిరించు, 2.039 అంగుళాలు దాటకూడదు. పొడవులు తేడాగా ఉంటే ఒకటి ఎక్కువ తెరుచుకుంటుంది, ఒకటి తెరుచుకోనే తెరుచుకోదు. చివర్లో క్రింప్ చెయ్యి, అంటే కేసు అంచుని బుల్లెట్ మీది క్రింప్ గాడిలోకి నొక్కు. మ్యాగజైన్ స్ప్రింగ్ ఒత్తిడికీ, రీకాయిల్ కుదుపుకీ బుల్లెట్ లోపలికి జారితే ప్రెషర్ పెరుగుతుంది. బొటనవేలితో బల్ల అంచుకి ఒత్తి చూడు, కదిలితే ఆ రౌండ్ పక్కన పెట్టెయ్యి.

లావు బుల్లెట్‌తో ఇంకొక టెన్షన్ ఉంది నాకు. లోడ్ చేసిన రౌండ్ మెడ బయటి కొలత, కాల్చిన ఖాళీ కేసు మెడ కొలత కంటే కనీసం వెయ్యో వంతు తక్కువ ఉండాలి, రెండైతే నిశ్చింత. అక్కడ చోటు లేకపోతే మెడ బుల్లెట్‌ని వదలదు, ప్రెషర్ ఎక్కడికో పోతుంది. అలాంటిది కాల్చకు. నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే.

మొదట పౌడర్, ప్రైమర్ లేకుండా ఒక డమ్మీ రౌండ్ చెయ్యి. క్రింప్ లేకుండా బుల్లెట్ కూర్చోబెట్టి, ఊడగొట్టి, అడుగు దగ్గరా మధ్యలోనూ కొలువు. తర్వాత క్రింప్‌తో ఇంకొకటి. ఏ మెట్టులో సన్నబడుతోందో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాతే సీసం గట్టిదా మెత్తదా అన్న ఆలోచన. వీల్ వెయిట్లలో కాస్త తగరం కలిపితే నీ రైఫిల్‌కి చాలు, లైనోటైప్ జోలికి పోకు.

మీ నాన్న తెనాలి వెళ్ళిపోయేటప్పుడు ఆ వించెస్టర్ అమ్మేశాడు. దాని గురించి వాడు మాట్లాడడు, నువ్వు అడిగితే మాట్లాడతాడు. ఎం డై పెట్టాక వాడు ఆ రైఫిల్‌తో కాల్చిన టార్గెట్ కాగితాలు ఇప్పటికీ వాడి బీరువాలో ఉన్నాయి, నేను చూశాను. ఆదివారం పొద్దున, వాళ్ళకి సాయంత్రం అయ్యేటప్పటికి ఫోన్ చెయ్యి. బుల్లెట్ కొలతలు దగ్గర పెట్టుకుని చెయ్యి, వాడు అడుగుతాడు.

నువ్వు వాడేది కాలిపర్ అని మీ అమ్మ పంపిన ఫోటోలో చూశాను. ఈ పనికి అది చాలదు, వెయ్యో వంతు తేడా దాంతో నమ్మకంగా తెలియదు. కొత్తది కొనకు. నా దగ్గర మైక్రోమీటర్లు రెండున్నాయి, ఒకటి ఈ వారం పంపుతున్నా. ఇల్లు మారారని విన్నాను, కొత్త అడ్రస్ మెసేజ్ పెట్టు. పాప రక్తపరీక్ష రిపోర్టు కూడా.

పెదనాన్న